స్ప్రింగుల ముడి

"అయితే ఈ ఘనతంతా మీ ఈలదేనంటారు," అంది వార్తలావిడ అత్తగారితో, పాలగ్లాసు బల్ల మీద పెడుతూ. గ్లాసు చప్పుడు చెయ్యలేదు. ఆవిడ గ్లాసు అంత మెల్లిగా పెట్టిందంటే లోపల మంట ఎంత పెద్దగా ఉందో ఇంట్లో అందరికీ తెలుసు.

"ఈల ఒక్కటే ఏం చేస్తుందమ్మాయ్. ఈల నాది, కాళ్ళు పిల్లవి," అంది అత్తగారు. బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. ఆవిడ రిటైరైంది గానీ మెడలో ఈల రిటైరు కాలేదు. అందుకే వీధంతా డ్రిల్లమ్మ అంటారు. "పొద్దున్నే మైదానం చుట్టూ తిప్పకపోతే ఆ ఒంట్లో ఉన్న వేగమంతా ఎటు పోతుంది? బడికి పోతుంది. ఇన్నాళ్ళూ పోయింది కాదూ?"

"పెందలాడే పడుకోబెట్టింది నేను. చీకటి పడ్డాక టీవీ, ఫోను కట్టేసింది నేను. నిద్ర చాలని పిల్లని మైదానం చుట్టూ కాదు, భూగోళం చుట్టూ తిప్పినా కుదురు రాదు అత్తయ్యా."

"తీపి మాన్పించింది ఎవరూ?"

"మీరే. కాదన్నానా?"

కాదనడానికి లేదు. డ్రిల్లమ్మ మనవరాలికి చక్కెర మాన్పించి చక్కర్లు మప్పింది.

ఇద్దరి మధ్యా పరుపులాయన తల వంచుకుని ఉడికిన గుడ్డు ఒలుస్తున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య కూర్చోవాల్సి వచ్చిన మగవాడికి గుడ్డు ఒలవడాన్ని మించిన పని లేదు. ఎంతసేపైనా ఒలవచ్చు. పెంకు అయిపోయాక పొర ఉంటుంది. పొర అయిపోయాక కూడా ఇంకా ఏదో ఉన్నట్టు చూస్తూ ఉండవచ్చు.

పాప అల్లరి చేసినన్నాళ్ళూ ఈ ఇంట్లో పాపం ఎవరిదని తగువు. పాప కుదురుగా కూర్చోవడం మొదలుపెట్టగానే పుణ్యం ఎవరిదని తగువు. తగువుకి మాత్రం ఏ ఒడిదుడుకూ లేదు.

నిన్న సాయంత్రం బడి గేటు దగ్గర టీచరు వార్తలావిడని ఆపింది. ఆపినప్పుడల్లా ఏదో ఒకటి విరిగిన కబురే కాబట్టి ఆవిడ ముందే క్షమించమని అడిగేసింది. "క్షమాపణలెందుకండీ. మీ అమ్మాయి బొమ్మలా కూర్చుంటోంది. అసలు లేచి నిలబడాలన్నా రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది," అంది టీచరు. వార్తలావిడ గేటు ఊచ పట్టుకుని ఏడ్చింది.

ఆ బొమ్మ పేరు ఇంట్లో తూనీగ. మూడో తరగతి. ఒక మాట పూర్తయ్యేలోపు మూడు కిటికీలు తిరిగొచ్చే పిల్ల. "దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. పిల్ల చెడ్డది కాదు, మీ పెంపకమూ చెడ్డది కాదు," అని పిల్లల డాక్టరమ్మ మొదటిసారి చూసినప్పుడే చెప్పింది. "మాత్రలున్నాయి. అవి శత్రువులేం కావు. ముందు నిద్ర, పరుగు, తిండి, చేతులకి పని, ఇవన్నీ ఒక దారికి తెచ్చి చూద్దాం. చాలకపోతే మాత్రల సంగతి మాట్లాడుకుందాం."

ఆ మాట్లాడుకోవడం ఇవాళ సాయంత్రమే.

"ఇద్దరూ నన్ను మర్చిపోయారు," అన్నాడు పరుపులాయన గుడ్డు నోట్లో పెట్టుకోకుండానే. "నా షెడ్డు సంగతేంటి? రోజూ బడి నుంచి రాగానే పీచు మూటలు మోయించాను. దూది దులిపించాను. బరువు పని చేస్తే ఒంటికి స్థిమితం వస్తుందని డాక్టరమ్మే చెప్పింది కదా. పిల్ల మారిందంటే అది నా షెడ్డులో మారింది."

వార్తలావిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. రేడియోలో వార్తలు చదివే మనిషి. పోట్లాటలోనైనా ముందు ముఖ్యాంశాలు, తరువాత వివరాలు.

"ఒకటి, మూటలు మోసి వచ్చిన పిల్ల జుట్టులో పీచు తీసేది నేను. రెండు, ఆ పీచుతో పక్క మీద పడుకుంటే దులిపేది నేను. మూడు, మూడు మర్చిపోయాను. గుర్తొచ్చాక చెప్తాను."

"వివరాలు?"

"వివరాలకి టైము లేదు, డ్యూటీకి వెళ్ళాలి."

పరుపులాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడకీ పెదవి కదిలింది. ఆ కదలిక చూసి ఆయనకి ధైర్యం వచ్చి, అనకూడని మాట అనేశాడు.

"మాత్ర మాత్రం వద్దని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. చూశావా మరి?"

ఆవిడ బ్యాగు భుజానికి వేసుకుంది. "చూశాను. నేను ఓడిపోయినందుకు నాకు సంతోషంగానే ఉంది. గెలిచినవాళ్ళు అంత సంతోషపడకుండా ఉంటే ఇంకా బాగుండేది."

 డ్రిల్లమ్మ చుట్టూ చూసింది.

"ఇంతకీ పిల్లేదీ?"

పిల్ల పాలు తాగేసింది. గ్లాసు కడిగి బోర్లించింది. కుర్చీ బల్ల కిందికి తోసి వెళ్ళిపోయింది. ఎప్పుడు వెళ్ళిందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. నెల కిందటైతే తూనీగ ఎక్కడుందో వెతకాల్సిన పని ఉండేది కాదు, వినబడేది.

*

ఇంటి పక్కనే షెడ్డు. పరుపులాయన పరుపులు కుట్టడంతో మొదలుపెట్టి సోఫాల దాకా వచ్చాడు గానీ పేరు పరుపుల దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళో సగం మంది ఆయన బాగుచేసిన కుర్చీల్లో కూర్చుంటారు. ఆయన ఇంట్లోనే ఇన్నాళ్ళూ కూర్చునే మనిషి కరువు.

ఇవాళ బడికి సెలవు. తూనీగ మూల స్టూలు మీద కూర్చుని డబ్బాలోంచి గుండీలు తీసి, రంగు రంగు వేరు చేస్తోంది. పొడుగు గౌను చీలమండల దాకా దిగి ఉంది. తల ఎత్తి చూసింది, మళ్ళీ దించేసుకుంది.

ఆయన సోఫా చట్రం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అడుగున పట్టీలు అల్లడం నిన్ననే అయింది. వాటి మీద స్ప్రింగులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో స్ప్రింగునీ అరచేత్తో నొక్కి, పురికొస చుట్టి, ముడి వేసి, పక్క స్ప్రింగుకి లాగాలి. చెయ్యి అడుగుతుంది, స్ప్రింగు చెబుతుంది, ఎంత నొక్కాలో. ఇరవై ఏళ్ళ పనిలో ఆయన వేసిన ముళ్ళకి లెక్క లేదు. విప్పిన ముడి మాత్రం ఒక్కటీ లేదు. పాత సోఫా వస్తే కత్తెరతో కోసి పారేయడమే.

"తూనీగా, ఆ పురికొస ఉండ ఇలా అందుకోమ్మా."

"నువ్వే తీసుకో నాన్నా."

ఆయన చెయ్యి ఆగింది. తెమ్మన్నది తేవడం ఈ పిల్లకి ఎప్పుడూ కష్టం కాదు. తెమ్మననివి కూడా తెచ్చేది.

"చేతిలో స్ప్రింగు ఉంది, వదిలితే మూతి పగలగొడుతుంది. అందుకో తల్లీ."

పిల్ల స్టూలు మీంచే వంగింది. అందలేదు. ఇంకా వంగింది. నేల మీద కీచుమని చప్పుడైంది. పిల్లతో పాటు స్టూలు కూడా జరిగింది.

పరుపులాయన స్ప్రింగు వదిలేశాడు. అది ఎగిరి ఎక్కడో పడింది. ఆయన మోకాళ్ళ మీదే పాకుతూ వెళ్ళి గౌను అంచు ఎత్తి చూశాడు. ఎడమ కాలు స్టూలు కాలికి పురికొసతో కట్టేసి ఉంది. తన పురికొస. చుట్టు మీద చుట్టు, కింద నుంచి తీసి పైన బిగించి, ముడి కూడా తనదే. వేలికి వేలు పెట్టి నేర్పినవాడు కాబట్టి ఎక్కడున్నా గుర్తుపడతాడు. చక్కగా వచ్చింది.

"ఏంటమ్మా ఇది?"

"స్ప్రింగుల ముడి."

"అది తెలుస్తోంది. కాలికెందుకు?"

"నువ్వే చెప్పావుగా."

"నేనా? నేనేం చెప్పాను?"

"వీటిని ఎందుకు కడతావు నాన్నా అంటే, కట్టకపోతే ఎగురుతూనే ఉంటాయి, కడితే బుద్ధిగా కూర్చుంటాయి అన్నావు." పిల్ల గుండీ ఒకటి తీసి ఎరుపులో వెయ్యాలా గులాబీలో వెయ్యాలా అని చూసింది. "నిజమే నాన్నా. కడితే కూర్చుంటున్నాను."

  ఆయన కత్తెర అందుకుని, కాలికి తగలకుండా వేలు అడ్డం పెట్టి, పురికొస కోశాడు. మేజోడు కిందికి లాగాడు. చీలమండ చుట్టూ చర్మం గీసుకుపోయి ఎర్రగా ఉంది. కొత్త ఎరుపు కింద పాత ఎరుపు.

"బడిలో కూడానా?"

"బడిలో పురికొస బాగోదు. బ్యాగు పట్టీని బెంచీ కాలికి తిప్పి అందులో పాదం దూరుస్తా. టీచర్ లేవమంటే తియ్యడానికి టైము పడుతుంది."

అందుకే రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. ఆయన పాదం తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ పాదానికి ఆయన ఎన్నిసార్లు దండం పెట్టి ఉంటాడు, ఒక్కచోట ఉండమ్మా అని. ఇప్పుడది ఒళ్ళో కదలకుండా ఉంది. ఆయనకి భయమేసింది.

"నిన్ను కట్టేసుకోమని ఎవరూ అనలేదు కదరా."

"అనలేదు." చేతిలో గుండీ డబ్బాలో వేసేసింది. "అమ్మకి చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"బడి నుంచి మళ్ళీ కబురొస్తే వెళ్ళిపోతానంది. నువ్వూ అమ్మా మాత్రల గురించి పోట్లాడుకున్నారు చూడు, అప్పుడు. గోడలోంచి వినపడింది."

"కోపంలో ఏదో అంటాం తల్లీ. అమ్మ కోపంలో అంది."

"కోపంలో అనలేదు," అంది తూనీగ. "వార్తల గొంతుతో అంది."

 ఆ గొంతు పరుపులాయనకి తెలుసు. వాన వస్తుందని అదే గొంతు చెబుతుంది, వంతెన కూలిందని అదే గొంతు చెబుతుంది. ఎత్తదు, దించదు. చెప్పినవన్నీ జరిగినవే. ఆ గొంతు వింటూ పెరిగిన పిల్లకి అందులో అబద్ధం కూడా ఉంటుందని ఎవరు చెబుతారు?

షెడ్డు చివర విప్పదీసిన పాత పరుపులు కొండలా పడి ఉన్నాయి. తూనీగకి ఒకప్పుడు అదే రాజ్యం.

"రా, గెంతుదాం. నేనూ వస్తాను. నేను గెంతితే పరుపులు ఏడుస్తాయి, విందువు గాని."

పిల్ల పరుపుల వైపు చూసింది. చాలాసేపు చూసింది. బొటనవేలు నేల మీద కొట్టుకుంటోంది. చేత్తో మోకాలు నొక్కిపెట్టుకుంది.

"వద్దులే నాన్నా. గెంతితే మళ్ళీ అలవాటైపోతుంది."

*

సాయంత్రం తల్లీ తండ్రీ పిల్లా డాక్టరమ్మ దగ్గరికి నడిచే బయలుదేరారు. పరుపులాయన జేబులో కోసిన పురికొస ముక్క ఉంది. ఎందుకు పెట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

అబద్ధం చెప్పక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం ఆయనకి కొట్టిన పిండి. మాత్రలు వద్దన్న తన మాట నిలుస్తుంది. ఇల్లు నిలుస్తుంది. రేపటి నుంచి షెడ్డులో పురికొసంతా పై అరలో పెట్టి తాళం వేస్తే సరిపోతుంది. బ్యాగు పట్టీకి తాళం ఎలా వెయ్యాలో మాత్రం తోచలేదు.

వార్తలావిడ పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తోంది. వీధి మలుపు దగ్గర వేగం తగ్గించి ఆయన పక్కకి వచ్చింది.

"ఏవండీ, మూడోది గుర్తొచ్చింది."

"ఏంటది?"

"పొద్దున చెప్పలేదూ, మూడు మర్చిపోయానని. ఈ వారం నాకు నిద్ర పడుతోంది. ఎన్నాళ్ళైందో అలా పడుకుని. స్టూడియోలో అందరూ గొంతు బాగుంది, ఏం తాగుతున్నావంటున్నారు." ఆవిడ నవ్వింది. "మీ షెడ్డుకి కూడా వాటా ఇస్తాలెండి. సరిసమానంగా పంచుకుందాం, మీరు, నేను, ఈల."

ఆయన తలూపాడు. జేబులో చెయ్యి పిడికిలైంది.

డాక్టరమ్మ గదిలో గోడ నిండా పిల్లలు గీసిన బొమ్మలు. కిందటిసారి వచ్చినప్పుడు తూనీగ వాటిలో రెండు ఊడబీకింది, ఒకటి తిరిగి అంటించింది, తల్లకిందులుగా. ఇవాళ కుర్చీ ఎక్కి కూర్చుంది. చేతులు తొడల కింద పెట్టుకుంది.

వార్తలావిడ మొదలుపెట్టింది. నిద్ర పట్టింది, తిండి కుదిరింది, టీచరు మెచ్చుకుంది. ముఖ్యాంశాలూ వివరాలూ కలిసిపోయాయి. గొంతు రెండుసార్లు తడబడింది. అది వార్తల గొంతు కాదు, ఎప్పటిదో, పెళ్ళికి ముందు ఆయన విన్న గొంతు.

డాక్టరమ్మ వింటూ పిల్లనే చూస్తోంది. "అల్లరి లేదా అసలు?"

"లేదండీ."

"ఇంట్లో కూడా?"

"ఇంట్లో కూడా. ఉందో లేదో వెతుక్కోవాల్సి వస్తోంది."

"ఊఁ," అంది డాక్టరమ్మ. ఆ 'ఊఁ' పరుపులాయనకి నచ్చలేదు. అయినా ఆవిడ కలం మూత పెట్టేసింది. "సరే. అంతా ఇలాగే సాగుతుంటే మాత్రల మాట ఇప్పటికి పక్కన పెడదాం."

గెలిచాడు. ఇన్నాళ్ళుగా కోరుకున్న మాట, చెవిలో పోసినట్టు పడింది. ఆయన కూతురి వైపు చూశాడు.

తూనీగ తండ్రినే చూస్తోంది. చెప్పవు కదూ అన్నట్టు చూస్తోంది. బల్ల కింద రెండు పాదాలూ కుర్చీ కాళ్ళకి చుట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాయి, తాడు లేకుండానే.

మరీ నొక్కి కట్టిన స్ప్రింగు ఏం చేస్తుందో ఆయనకి తెలుసు. పైకి ఏమీ తెలియదు. సోఫా బల్లలా చదునుగా కనిపిస్తుంది. అడుగున పట్టీ చిరుగుతుంది.

"డాక్టరమ్మా, ఒక్క మాట," అన్నాడు. జేబులోంచి పురికొస తీసి బల్ల మీద పెట్టాడు. "పిల్ల మారలేదండీ. కట్టేసుకుంటోంది."

"ఏంటండీ ఇది?" అంది వార్తలావిడ.

ఆయన చెప్పాడు. స్టూలు, ముడి, బడి బెంచీ, బ్యాగు పట్టీ. గోడలోంచి వినబడిన మాట. అదీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ భార్య ముఖం చూడలేదు. కూతురి ముఖమూ చూడలేదు. పురికొసకే చెప్పుకున్నాడు.

 వార్తలావిడ కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. పిల్ల పాదాలని ఒక్కొక్కటే కుర్చీ కాళ్ళ నుంచి విడదీసింది. మేజోడు దించింది. చూసింది.

"పరుగూ నిద్రా బరువు పనీ మంచివే. అవి పని చెయ్యలేదని నేననను," అంది డాక్టరమ్మ మెల్లిగా. "కానీ అవి ఎంత పని చేశాయో, ఈ తాడు ఎంత పని చేసిందో ఇప్పుడు నాకు తెలియడం లేదు. మళ్ళీ మొదట్నుంచి చూద్దాం. మాత్రల సంగతి కూడా, తెరిచిన మనసుతో." తరువాత పిల్ల వైపు వంగింది. "ముడి బాగా వేశావు. నాకైతే రాదు. మరి విప్పడం ఎలాగమ్మా?"

"విప్పడం రాదు," అంది తూనీగ.

"మరి రోజూ కాలు ఎలా తీస్తున్నావు?"

"లాగేసుకుంటా." పిల్ల తండ్రి వైపు చూసింది. ఫిర్యాదు కాదు, సమాచారం. "నాన్న కట్టడమే నేర్పాడు."

వార్తలావిడ మేజోడు మళ్ళీ పైకి లాగింది. మడత సరిచేసింది. లేచి నిలబడింది.   తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

తూనీగ తలుపు వైపు చూసింది.

"చెప్పొద్దన్నాను కదా నాన్నా," అంది, చాలా చిన్నగా.

మరుక్షణం కుర్చీ వెనక్కి పడింది. బల్ల మీది కలాలు దొర్లాయి. గోడ మీది బొమ్మలు రెపరెపలాడాయి. పిల్ల గదిలో లేదు.

పరుపులాయన లేవబోయాడు. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పరిగెత్తనివ్వండి."

పడిన కుర్చీని ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. బయట పొడుగాటి వరండా. ముందు వెళ్ళే చెప్పుల చప్పుడు, వెనక తరిమే చిన్న బూట్ల చప్పుడు, రెండూ వినబడ్డాయి. ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు.

ఒక చప్పుడు ఆగిపోయింది. ఆగింది తల్లి చెప్పులో, పిల్ల బూట్లో ఆయనకి తెలియలేదు.